మూతబెల్టు

నరసన్నపేటలో పంపుసెట్లు బాగుచేసే అసిరయ్య తన పనిముట్లు ఎవరికీ ఎరువివ్వడు. షెడ్డు గోడకి వరసగా మేకులు కొట్టి, ఏ మేకుకి ఏది వేలాడాలో దాని ఆకారం తెల్లరంగుతో గోడమీదే గీసుకున్నాడు. ఒక్క చోటు ఖాళీగా కనబడినా, ఆ పనిముట్టు దొరికేదాకా ఇంకో పనికి చెయ్యి వెయ్యడు. దానివల్ల అతనికి మంచి పేరూ వచ్చింది, స్నేహితులూ తగ్గారు.

ఆ రోజు రాముడనే రైతు ఒక ఫ్లాంజి తెచ్చి బల్లమీద పెట్టాడు. పంపునీ పైపునీ కలిపి బోల్టులతో బిగించే ఇనప చక్రం అది. బిగించీ బిగించీ ఒక చెవి విరగ్గొట్టాడు.

"నువ్వు మనిషివా, రోడ్డురోలరువా?" అన్నాడు అసిరయ్య.

"నీరు కారిపోతంది అన్నియ్యా. కారితే బిగించమేటి?"

"కారితే లోపల వాషరు సూడాల. నీళ్ళాపేది వాషరురా, నీ బలం కాదు. వాషరు పోయినకాడ భీముడొచ్చి బిగించినా ఆగదు."

రాముడు తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. మూల స్టూలు మీద అంతసేపూ కూర్చున్న లక్ష్మణమ్మ సంచీలోంచి, సీసా మూతలు తియ్యడానికి అతను చేసిచ్చిన ఇనప పట్టకారు తీసి, రాముడి ఫ్లాంజి పక్కనే పెట్టింది.

"ఇది గూడా రోడ్డురోలరేరా అసిరిగా. మూత నమిలేసినాది సూడు."

లక్ష్మణమ్మ అసిరయ్యకి సొంత అక్క; అప్పా అని పిలుస్తాడు. తల్లి పోయాక అతన్ని పెంచిందీ, రైసుమిల్లులో ఫిట్టరు దగ్గర పనికి పెట్టిందీ ఆమే. ఆర్టీసీ కాంప్లెక్సు పక్కన ఆమెకి చిరుతిళ్ళ కొట్టు ఉంది. జంతికలు, చేగోడీలు, చెక్కలు, బెల్లం గవ్వలు ఇంటి దగ్గర వండి, వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాల్లో పోసి అమ్ముతుంది. బస్సు ఆగి మళ్ళీ కదిలేలోగా మూత తియ్యాలి, పొట్లం కట్టాలి, మూత పెట్టాలి. మూత కాస్త వదులైతే ఆ గాలికి సాయంత్రానికల్లా జంతిక తాడులా సాగుతుంది. అందుకే ఆమె పొద్దున్నే కొట్టు తియ్యగానే ఒక జంతిక చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది. టప్‌మంటే ఆ సీసా ముందువరసలోకి వస్తుంది. అనకపోతే ఇంటికి తిరిగి వెళుతుంది; ఈమధ్య అలా వెళ్ళేవే ఎక్కువ.

కిందటి వానాకాలంలో వచ్చిన చికున్‌గున్యా ఒళ్ళంతా వదిలేసి కుడి బొటనవేలి మొదట్లో ఉండిపోయింది. కొంగు చుట్టి తిప్పినా మూత రావడం లేదు. "బాబూ, ఇది కాస్త తీసి పెట్టు" అని కొనడానికి వచ్చినవాడికే సీసా అందించవలసి వస్తోంది. అలా అడిగిన ప్రతిసారీ ఆమె ముఖం పక్కకి తిప్పుకుంటుంది.

కొట్టులో రెండో సగంలో ఆమె కొడుకు ఈశ్వర్ ఫోన్ కవర్లు అమ్ముతాడు. వాడికి ఇదంతా అనవసరపు తిప్పలుగా కనబడింది.

"కంపెనీ పేకెట్లు పెట్టేద్దామే అమ్మా. వేలాడదీస్తే వాళ్ళే తెంపుకుంటారు. మూత లేదు, ముడి లేదు. నువ్వు ఇంటికాడ సుబ్బరంగా పడుకో."

"పడుకోడానికి నానేటి పీనుగునా?"

వాడు పేకెట్ల డీలరుకి చెప్పేశాడు. వచ్చే బుధవారం ఇనప స్టాండు వస్తుంది. అది నిలబెట్టడానికి చోటు ఒక్కటే, ఇప్పుడు సీసాలున్న చోటు. సీసాలు పోతే ఆ కొట్లో లక్ష్మణమ్మకి కూర్చునే పని లేదు. ఆమె తమ్ముడి దగ్గరికి రావడానికి కారణం అది.

అసిరయ్య పట్టకారుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అడకత్తెరలా రెండు చేతులు పెట్టి, నోటికి పళ్ళు కోసి, పది రోజులు కూర్చుని చేసిన వస్తువు.

"గట్టిగా నొక్కీసుంటావు."

"గట్టిగా నొక్కగలిగితే నీకాడికెందుకొస్తానురా?"

అసిరయ్య పట్టకారు గోడకి తగిలించబోయాడు. దానికి గీసిన చోటు లేదు. బల్లకింద పారేశాడు.

రెండో ఉపాయం అతనికి ట్రాక్టరు కింద పడుకున్నప్పుడు తట్టింది. ఇంజినాయిలు ఫిల్టరు విప్పడానికి మెకానిక్కులు పిడికి బెల్టు కట్టిన పనిముట్టు వాడతారు. బెల్టు ఫిల్టరు చుట్టూ వేసి పిడి లాగితే, లాగినకొద్దీ బిగుసుకుని తిరుగుతుంది. మూత మాత్రం గుండ్రంగా లేదా? మంచానికి అల్లే నవారు ముక్క తీసుకుని, లోపలివైపు పలచటి రబ్బరు అతికించి, మూరెడు చింతకర్రకి కట్టాడు. చేత్తో తియ్యలేని మూత రెండు వేళ్ళతో లాగితే తిరిగింది. తిరగేసి పెడితే అదే బెల్టు మూత బిగించింది కూడా.

ఆ సాయంత్రం తనే కొట్టుకి తీసుకెళ్ళాడు. లక్ష్మణమ్మ సీసా తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఈశ్వర్ కూడా ఫోన్ కవర్లు వదిలి వచ్చి చూశాడు.

"ఇది బాగుంది మావా. ఏటి దీని పేరు?"

"మూతబెల్టు" అన్నాడు అసిరయ్య. అప్పటిదాకా దానికి పేరు పెట్టాలనుకోలేదు.

"అయితే స్టాండు వద్దని సెప్పీ" అంది లక్ష్మణమ్మ.

"బుధవారం దాకా సూద్దామే."

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడోనాడు లక్ష్మణమ్మ ఫోన్ చేసింది.

"ఒరే, ఇదివరకు సగం సీసాలైనా సేత్తో వచ్చీవి. ఇప్పుడు ఒక్కటీ రావట్లేదు. ఆ బెల్టు నేకపోతే నాను దొంగతనానికొచ్చినదాన్లా సీసాలకేసి సూస్తా కూకోవాల."

"బెల్టుతో మూస్తే బెల్టుతోనే తియ్యాల అప్పా. అందుకే కదా అది సేసింది."

"మూతలు గూడా చీలతన్నాయి."

"ఈశ్వర్‌గాడిని కాస్త సిన్నగా తిప్పమను."

ఫోన్ పెట్టేశాక అతనికి చిరాకేసింది. ఇరవై ఊళ్ళ పంపులు తన చేతిమీద నడుస్తున్నాయి. ఒక సీసా మూత దగ్గర ఇన్ని మాటలు పడాలా? ఈవిడకి ఏది చేసినా ఒక వంక.

సోమవారం పెళ్ళిళ్ళ ముహూర్తం. కాంప్లెక్సులో ఎటు చూసినా పట్టుచీరలు, పూలబుట్టలు, ఏడుస్తున్న పిల్లలు. ముందురోజు రాత్రి ఈశ్వర్ అన్ని సీసాలకీ బెల్టు వేసి, గాలి చొరకుండా బలంకొద్దీ బిగించి వెళ్ళాడు. లక్ష్మణమ్మ పొద్దున్నే వచ్చి బెల్టు కోసం గల్లాపెట్టె కింద చెయ్యి పెట్టింది. లేదు.

"ఆటో నడిపే నూకరాజుకిచ్చానే" అన్నాడు ఈశ్వర్ ఫోన్లో. "డీజిలాటో ఫిల్టరు విప్పడానికంట. అచ్చం అలాంటిదే కదా. ఇచ్చేస్తాడులే."

నూకరాజు ఆటో అప్పటికే పెళ్ళివాళ్ళని ఎక్కించుకుని టెక్కలి దారి పట్టింది.

లక్ష్మణమ్మ కొంగు చుట్టి తిప్పింది. మూత కదల్లేదు. చాకు పిడితో కొట్టింది. బస్సు కిటికీలోంచి ఒకామె "చేగోడీలు రెండు పొట్లాలు, బేగి" అని అరిచింది. లుంగీ కట్టుకున్న ఒకాయన సీసా పొట్టకి ఆనించి, పళ్ళు బిగించి తిప్పాడు. మూత అంచు చీలి ఆయన అరచెయ్యి గీసుకుంది. "ఇదేటి కొట్టమ్మా, తాళాలేసి అమ్ముతన్నావు?" అని చెయ్యి దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. బస్సు హారను కొట్టి కదిలింది. తర్వాత ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. గాజులాంటి సీసాల్లోంచి జంతికలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

ఆమె జంతికల సీసా చంకలో పెట్టుకుని, కొట్టు పక్కవాళ్ళకి అప్పజెప్పి, ఎండలో షెడ్డు దాకా నడిచింది. అసిరయ్య విప్పిపెట్టిన మోటారు ముందుకి సీసా తోసింది.

"తెరువు."

"బెల్టేది?"

"నువ్వు మొగోడివి కదా. ఇనపపని సేసినోడివి. సేత్తో తెరువు."

అతను నవ్వి తిప్పాడు. తర్వాత నవ్వు మానేసి తిప్పాడు. చేతికి గోనె ముక్క చుట్టుకున్నాడు. మెడ నరాలు తేలాయి కానీ మూత రాలేదు.

"బెల్టేదప్పా?"

"నీ మేనల్లుడు ఆటోవోడికి ఎరువిచ్చినాడు."

అసిరయ్య ముఖం మాడిపోయింది. "ఎరువా? నా పనిముట్టు ఎరువిచ్చినాడా?"

"ముందు మూత సంగతి సూడు. ఎరువు సంగతి తరవాత."

చివరికి మూతని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, సీసాని రెండు చేతులతో వాటేసుకుని తిప్పాడు. పటుక్కున వదిలింది. మూత వైసులోనే, లోపలివైపు కనబడేలా ఉండిపోయింది.

అసిరయ్య దానికేసి చూశాడు. ఇన్ని రోజులుగా అతను మూత చుట్టుకొలత తీశాడు, గాడులు లెక్కపెట్టాడు, పైనుంచి బొమ్మ గీశాడు. లోపల ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. అంచు పొడుగునా అట్టముక్క అతుకులు, నూనెకి నల్లబడి, అక్కడక్కడా వేలాడుతున్నాయి. కొత్తలో మూత లోపల గుండ్రటి మైనపు అట్ట ఒకటి ఉంటుంది. అది ఎప్పుడో నాని పోయింది. సీసా అంచుకీ మూతకీ మధ్య గాలిని ఆపేదేమీ లేదు. ఉత్త ప్లాస్టిక్ మీద ఉత్త ప్లాస్టిక్. అందుకే ఎంత బిగించినా జంతికలు మెత్తబడుతున్నాయి, మెత్తబడుతున్నాయని ఇంకా బిగిస్తున్నారు.

లక్ష్మణమ్మ కూడా వంగి చూసింది.

"ఆ రైతుకి ఏటి సెప్పినావురా ఆ రోజు? నీళ్ళాపేది ఏటన్నావు?"

"ఊరుకో అప్పా."

"భీముడొచ్చినా ఆగదన్నావు. నువ్వు భీముడికి బెల్టు గూడా సేసిచ్చినావు."

అసిరయ్య వైసు వదులు చేసి మూత తీశాడు. ఆమెకేసి చూడకుండా సైకిల్ ట్యూబు ముక్క ఒకటి గుండ్రంగా కోసి మూతలో అమర్చి, సీసాకి పెట్టి చేత్తో మెల్లగా తిప్పాడు. లక్ష్మణమ్మ మూత తీసి వాసన చూసింది.

"జంతికలు తిన్నోడు పంచరు కొట్టుకెళ్ళిపోతాడురా."

అతను ట్యూబు ముక్కని గోడకేసి కొట్టాడు. తర్వాత చొక్కా వేసుకుని బజారుకి వెళ్ళి, పాలక్యాన్ల మూతలకి వేసే తెల్ల రబ్బరు తెచ్చాడు. దానికి వాసన లేదు. మిగతా సీసాలూ తెప్పించి, వైసులోనే విప్పి, అన్ని మూతలకీ వాషర్లు కోసేసరికి పొద్దుగుంకింది. ఈలోగా నూకరాజు బెల్టు పంపించాడు. నవారు నిండా నల్లటి ఇంజినాయిలు. అసిరయ్య దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పట్టకారు పక్కన పారేశాడు.

మర్నాడు కొత్తది చేశాడు. ఇది చెయ్యడం అతనికి కష్టంగా తోచింది. ఇన్నేళ్ళూ ఏది చేసినా జారకూడదు, వదలకూడదు అనే చేశాడు. ఇప్పుడు పిడిని బెత్తెడుకి కోసెయ్యాలి, ఎవరు లాగినా బలం ఎక్కకుండా. పిడికి ఒకవైపు ముక్కు పెట్టాలి, తిరగేస్తే అది మూతకి అడ్డొచ్చి బెల్టు కూర్చోకుండా. తెరవడానికి మాత్రమే పనికొస్తుంది. మూసేది అరచేతితోనే. నున్నగా తిప్పిన మూరెడు చింతకర్ర మీద రంపం పెట్టినప్పుడు అతను ఎవరినో తిట్టుకున్నాడు. ఈశ్వర్‌నో, అప్పనో, తననో తెలియలేదు.

బుధవారం పొద్దున్న అతను కొట్టు చేరేసరికి పేకెట్ల స్టాండు ట్రాలీ ఆటోలోంచి దిగుతోంది. ఈశ్వర్ ఒక చెయ్యి వేసి మోయిస్తున్నాడు.

"ఎక్కడ పెట్టాలండి?" అన్నాడు డీలరు మనిషి.

లక్ష్మణమ్మ సీసాల ముందునుంచి కదల్లేదు. నిన్న పొద్దున్న కొత్త వాషర్లతో మూసిన సీసాలు అవి. మధ్యలో వాన కూడా పడింది. ఆమె చెయ్యి చాపింది. అసిరయ్య పొట్టి బెల్టు అందించాడు. మూతకి వేసి లాగింది. మూత లేచింది. ఒక జంతిక తీసి, తన చెవి దగ్గర కాకుండా, కొడుకు చెవి దగ్గర విరిచింది.

ఈశ్వర్ ఉలిక్కిపడ్డాడు. మిగిలిన ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. డీలరు మనిషి స్టాండు మోస్తూనే నిలబడి ఉన్నాడు.

"అటుపక్క పెట్టండి" అన్నాడు ఈశ్వర్ చివరికి. "ఫోన్ కవర్లు కొంచెం జరుపుతాను."

"మావ పనిముట్టు మల్లా ఎవడికైనా ఎరువిచ్చినావో, కవర్లు గూడా ఉండవు" అంది లక్ష్మణమ్మ.

బస్సు వచ్చింది. ఆమె రెండు సీసాలు తెరిచింది, పొట్లాలు కట్టింది, అరచేత్తో మూతలు అలా తిప్పి వదిలేసింది. అసిరయ్య చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాడు. బస్సు వెళ్ళాక అంది.

"బాగానే ఉన్నాది గానీ, బెల్టు లాగితే మూతతోపాటు సీసా గూడా తిరిగిపోతందిరా."

"ఎడం సేత్తో పట్టుకోవాల అప్పా!"

"ఎడం సేత్తో డబ్బులు తీసుకుంటన్నాను కదా. నాకేటి నాలుగు సేతులున్నాయా?"

అసిరయ్య నుదురు కొట్టుకున్నాడు. వెళ్ళిపోదామని రెండడుగులు వేసి, వెనక్కి వచ్చాడు. జేబులోంచి దారం తీసి, వంగి, సీసా అడుగు చుట్టూ కొలత పెట్టసాగాడు. పళ్ళమధ్య ఏదో గొణుగుతున్నాడు.

"తిని తిట్టుకో" అని లక్ష్మణమ్మ అతని నోటికి ఒక జంతిక అందించింది.

రెండు చేతులా దారం ఉండడంతో నోటితోనే అందుకుని కొరికాడు. టప్‌మంది.