ముప్పై రెండో కొక్కెం

ఔలిక్కి తుర్పెయినెన్‌కు మనుషుల మీద కంటే వాళ్ల చేతిరాత మీద నమ్మకం ఎక్కువ. మాట మారుస్తారు, ముఖం మారుస్తారు, రాత మార్చుకోవడం మాత్రం ఎవరి తరమూ కాదనేది. విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్ర విభాగం కార్యదర్శిగా ముప్పై నాలుగేళ్లుగా సెలవు చీటీలూ మార్కుల పట్టికలూ చదివి చదివి, ఆ మూడంతస్తుల భవనంలో ఎవరి అక్షరం ఎటు ఒరుగుతుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. ఒకసారి కాఫీ గదిలో ఫ్రిజ్ మీద ఎవరో సంతకం లేని చీటీ అంటించారు, ‘నా చేపల రొట్టె తిన్నవాడికి అది అరక్కుండా పోవుగాక’ అని. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఔలిక్కి శాపం పెట్టిన ప్రొఫెసర్ దగ్గరకెళ్లి, ‘ఇంత కోపం మంచిది కాదు, నీకు బీపీ ఉంది’ అని చెప్పి వచ్చింది. ఆ కథ ఇప్పటికీ కాఫీ దగ్గర చెప్పుకుని నవ్వుతారు. నవ్వుతూనే కొంచెం జాగ్రత్తగా ఉంటారు.

అలాంటి ఔలిక్కికి మార్చి నెలలో ఒక నోటీసు వచ్చింది. వైవిధ్యం గురించీ, అందరినీ కలుపుకుపోవడం గురించీ అధ్యాపకులకూ సిబ్బందికీ ఒకరోజు శిక్షణ, హాజరు తప్పనిసరి. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ఇన్నేళ్లు లేని ప్రేమ ఇప్పుడెందుకు పుట్టుకొచ్చింది? మూడు విభాగాల ఆఫీసుల్ని ఒకటి చేస్తారనీ, ముగ్గురు కార్యదర్శుల్లో ఒక్కరినే ఉంచుతారనీ జనవరి నుంచీ గుసగుసలు నడుస్తున్నాయి. పింఛనుకు ఆమెకింకా మూడేళ్లుంది.

తొమ్మిది గంటల కాఫీకి మట్టి పరీక్షల ల్యాబు చూసే ఓస్మో వచ్చాడు.

“చూశావా ఆ నోటీసు?” అడిగింది.

“చూశా. ఎవరో ఎవరి మీదో చెప్పుంటారు.”

“ఎవరి మీద?”

“అది తెలిస్తే ఇంక శిక్షణ దేనికి? అది తెలుసుకోడానికేగా ఈ తతంగం!”

“నా మీదేనేమో ఓస్మో.”

“నువ్వేం చేశావని?”

“అదే తెలీట్లేదు. తెలిస్తే ఇంత భయముండదు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు ఔలిక్కి. కానీ దొంగతనం ఏమిటో చెప్పకపోతే ఎవరైనా ఎక్కడని తడుముకుంటారు? ఆమె కూడా ఆ కాఫీ గదంతా కళ్లతో తడిమి చూసుకుంది. అక్కడ ఆమె కంటికి తప్పేమీ కనిపించలేదు. గోడ మీద వరసగా ముప్పై ఒక్క కొక్కేలు, ముప్పై ఒక్క కప్పులు, ప్రతి కొక్కెం కింద తన చిన్న మెషీన్ మీద తనే అచ్చు కొట్టి అంటించిన పేరు. బ్రెజిల్ నుంచి మూడు వారాల కోసం వచ్చినాయనకు తన గదెక్కడో తెలిసేలోపే కొక్కెం తయారైంది. రిటైరై ఆరేళ్లయిన ముసలి ప్రొఫెసర్ పేరు ఇప్పటికీ తీయలేదు, ఎప్పుడైనా వస్తే నొచ్చుకుంటాడని. మనుషుల్ని కలుపుకుపోవడమంటే ఇంతకంటే ఏముంటుంది!

శిక్షణ ఇవ్వడానికి హెల్సింకి నుంచి కమిల్లా అనే ఆవిడ వచ్చింది. వస్తూనే బల్లలన్నీ తీయించి కుర్చీలు గుండ్రంగా వేయించింది. ముందు బల్ల లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని జనం అది. అందరూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చివర్లో తలుపు తోసుకుని ద్రిత వచ్చింది. కొసోవో నుంచి చిన్నప్పుడే వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన మనిషి. కాంట్రాక్టు కంపెనీ తరఫున ఆ భవనం ఊడ్చి తుడిచేది ఆమే. పని ఏప్రన్ మీదే వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చుంది.

‘ఈవిడ మన మనిషి కాదుగా, ఎందుకు పిలిచారు? చూసినవీ విన్నవీ చెప్పించడానికా?’ అనుకుంది ఔలిక్కి. ఆమె అనుమానం కనిపెట్టినట్టు కమిల్లా, “ఈ పైకప్పు కింద పనిచేసే ప్రతి ఒక్కరూ ఉండాలని నేనే అడిగాను,” అని తలా ఒక అట్టముక్క పంచింది. “ఇక్కడ మీరు బయటివాళ్లని మీకనిపించిన సందర్భం ఒకటి రాయండి. పేర్లొద్దు. ఎవరు రాశారో ఎవరికీ తెలీదు.”

విభాగాధిపతి వేసా కెట్టునెన్ సాయం చేద్దామనుకున్నాడు పాపం. “ఆ చీటీలన్నీ ఔలిక్కి టైపు చేసి నాకూ కమిల్లాకూ పంపుతుంది,” అన్నాడు.

గుండ్రంగా కూర్చున్నవాళ్ల తలలన్నీ ఔలిక్కి వైపు తిరిగాయి. కలాలు తీసి, బడిపిల్లల్లా విడివిడిగా, నిలువుగా, అచ్చు అక్షరాలు చెక్కడం మొదలుపెట్టారు. ఔలిక్కి వాళ్లనేమీ అనుకోలేదు. ఆ చీటీలు వేసా తిరగేస్తాడేమోనని తనూ కలం ఎడమచేతికి మార్చి, ‘అంతా బాగానే ఉంది’ అని గీకింది.

మధ్యాహ్నం ఆఫీసు తలుపేసుకుని కవరు విప్పింది. అచ్చు అక్షరాలు, మళ్లీ అచ్చు అక్షరాలు. ‘ఇబ్బందేమీ లేదు.’ ‘కాఫీ పలచన.’ ‘ఇలాంటి శిక్షణల్లోనే నేను బయటివాణ్ణనిపిస్తుంది.’ చదువుతూ చదువుతూ ఒక చీటీ దగ్గర ఆగిపోయింది. గుండ్రటి, కుదురైన, కలిపి రాసిన అక్షరాలు. ఆ రాత ఆమెకు తెలుసు. ‘నేల తడిగా ఉంది, జాగ్రత్త’, ‘పూలకుండీకి నీళ్లు పోశాను’ అని తన బల్ల మీద తొమ్మిదేళ్లుగా కనిపిస్తున్న రాతే.

‘ఆ కప్పుల గోడ రోజూ చూస్తాను. ముప్పై ఒక్క కొక్కేలు. మూడు వారాలుండేవాళ్లకు కూడా పేరు పెడతారు. నా కప్పుకు అక్కడ చోటు లేదు. పేర్లు చేసే ఆవిడ మంచిదే. నేను గుర్తుకు రాలేదు, అంతే.’

ముందు ఔలిక్కికి ఒళ్లు మండింది. దొరికింది దొంగతనం! ‘పేర్లు చేసే ఆవిడ’ అంటే ఎవరో ఈ భవనంలో పావురాలకు కూడా తెలుసు. వేసా ఇది చదివితే ముగ్గురు కార్యదర్శుల్లో ఎవర్ని ఇంటికి పంపాలో ఇంక ఆలోచించే పనే లేదు. చీటీని కీబోర్డు కింద దాచింది. తీసి మళ్లీ చదివింది. ‘గుర్తుకు రాలేదు, అంతే’ అన్న చోట కోపం కాస్తా సిగ్గయిపోయింది. తొమ్మిదేళ్లు! ఆ అమ్మాయి పోసిన నీళ్లతోనే కదా తన పూలకుండీ బతికింది.

కూర్చుని కుమిలిపోయే తత్వం కాదామెది. కింద స్టోర్సులో కొక్కెం అడిగి తెచ్చి, వరస చివర బిగించి, మెషీన్ మీద ‘ద్రిత’ అని కొట్టి అంటించింది. రెండడుగులు వెనక్కేసి చూసుకుంది. మనసు తేలికై నాలుగింటి బస్సుకు ఇంటికెళ్లింది.

మర్నాడు ఎనిమిదింటికి వచ్చేసరికి ఆఫీసు ముందు ద్రిత నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో గోడ మీంచి పీకిన పేరు ఉండచుట్టి ఉంది.

“ఇది మీరే పెట్టారా?”

“నేనే. ఎప్పుడో పెట్టాల్సింది.”

“తొమ్మిదేళ్లు పెట్టలేదు. నిన్న చీటీ రాశాను, సాయంత్రానికి పెట్టారు. ఎవరు రాశారో ఎవరికీ తెలీదన్నారే?”

“నేనెవరికీ చెప్పలేదు ద్రితా.”

“గోడ మీద అచ్చేసి పెట్టారు. ఇంకా వేరే చెప్పాలా? ఆరింటికి నేనే ముందొచ్చాను కాబట్టి సరిపోయింది.” ఔలిక్కి వెనకే ఆఫీసులోకి వచ్చింది. “నేనని మీకెలా తెలిసింది?”

“నాకు... అందరి రాతా తెలుసు.”

“ఆ సంగతి అందరికీ తెలుసా?”

“తెలుసు.”

“అందుకా, నా పక్కాయన బొమ్మలేసినట్టు రాశాడు! నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.”

“అది కాఫీ దగ్గర చెప్పుకునే కథలే, చేపల రొట్టె...” అనబోయి ఔలిక్కి నాలుక్కరుచుకుంది. కాఫీ దగ్గర కూర్చోని మనిషికి కాఫీ దగ్గరి కథలెలా తెలుస్తాయి? ముప్పై మందిలో ఆ మాట నమ్మి తన రాతలో తను రాసింది ఈ ఒక్కతే. కంచే వెళ్లి ఆ చేను మేసింది.

“కస్టమరు మీద ఫిర్యాదు చేసిందంటే మా కంపెనీ వాళ్లు ఊరి బయట గోడౌనుకేస్తారు,” అంది ద్రిత. “అక్కడికి బస్సు లేదు. పోయినేడు ఒకామెను అలాగే వేశారు. నెల్లో మానేసింది. ఇప్పుడు నా ఉద్యోగం మీ నోట్లో ఉంది. మీరు మంచివారేనండీ. అయినా నాకు నిద్ర పట్టదు.”

క్షమించమంటే ఏం లాభం? క్షమాపణతో ఎవరికీ నిద్ర పట్టదు. తనకే పట్టదు. తనలాంటి అనుమానపు మనిషికి ఏమిస్తే నమ్ముతుందో ఔలిక్కి ఆలోచించింది. సొరుగులో పెట్టిన కవరులోంచి తన చీటీ తీసింది. ‘అంతా బాగానే ఉంది’ అన్న వంకర అక్షరాల వెనక, ఈసారి కుడిచేత్తో రాసింది: ‘గోడ మీద పేర్లు చేసేది నేను. తొమ్మిదేళ్లు ద్రితకు కొక్కెం పెట్టనిది నేను. పేరు లేని చీటీ ఎవరిదో పట్టుకుని బయటపెట్టిందీ నేనే.’ కింద నిండు సంతకం చేసింది.

“ఇది నీ దగ్గరుంచుకో. నా నోట్లోంచి నీ మాట ఒక్కటొచ్చినా, తీసుకెళ్లి వేసాకివ్వు. పింఛనుకు మిగిలిన ఈ మూడేళ్లూ నాకుండవు.”

ద్రిత రెండుసార్లు చదివింది. కిటికీ వెలుగుకు పెట్టి చూసింది.

“తేదీ వెయ్యి,” అంది.

ఔలిక్కి తేదీ వేసింది. ద్రిత దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఏప్రన్ జేబులో పెట్టి, బొత్తాం పెట్టుకుంది. ముఖంలో నవ్వేమీ లేదు.

“టైపు చేస్తే రాత కనపడదుగా?”

“కనపడదు. అందరిదీ ఒకటే రాత.”

“అయితే నాది ఒక్క ముక్క వదలకుండా చెయ్యి.”

“సరే. నీ పేరు మళ్లీ కొట్టనా?”

“వద్దు. కొక్కెం ఉండనీ.”

ఔలిక్కి మిగిలిన చీటీలన్నీ టైపు చేసింది. ‘పేర్లు చేసే ఆవిడ’ను కూడా వదలకుండా కొట్టి, వేసాకూ కమిల్లాకూ పంపింది. పంపేటప్పుడు వేలు కాసేపు గాల్లోనే ఆగిందన్న మాట నిజమే.

పది రోజులైంది. కాఫీ గదిలో పేరు లేని ముప్పై రెండో కొక్కేనికి ఒక నీలం కప్పు వేలాడుతోంది. ఎవరిదని అడిగితే నాది కాదు, నాది కాదంటూ అందరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. చివరికి ఓస్మో, “ఔలిక్కీ, నీకు తెలీకుండా ఉంటుందా! ఎవరిదో చెప్పు,” అన్నాడు.

“కప్పు మీద రాతేమైనా ఉందా నాకు తెలియడానికి?” అంది ఔలిక్కి.

అంటూనే తలుపు వైపు చూసింది. బయట వరండాలో ద్రిత నేల తుడుస్తోంది. ఏప్రన్ జేబుకు బొత్తాం పెట్టే ఉంది.