పెరట్లో జోంగా

స్థలం: మార్టూరు దాటాక క్వారీల రోడ్డు మీద మా ఊరు, ఊరి చివర మా ఇల్లు, ఇంటి వెనక పెరడు. వాతావరణం: మే నెల ఎండ, వడగాలి, గాల్లో గ్రానైటు పొడి. సమయం ఉదయం పదకొండు. బండి దిగింది. నా ఆఖరి పోస్టింగు అక్కడ మొదలైంది.

మీరంతా సరిహద్దు సంగతులు అడుగుతారు. మంచు ఎంత లోతు, తుపాకీ ఎంత బరువు, భయం వెయ్యలేదా అని. అవి ఎవరినడిగినా చెబుతారు. నేను ఆర్మీలో డ్రైవర్ని. డీజిలు గడ్డకట్టే చలిలో బండి తోలి, రెండు కాళ్ల మీద ఇంటికొచ్చినవాణ్ణి. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. వినే ఓపిక ఉంటే వినండి.

జోంగా అంటే పాత మిలిటరీ జీపు. మామూలు జీపు కంటే పొడుగు, బరువు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. గుట్టలూ వాగులూ లెక్కచెయ్యదు. సర్వీసులో ఎక్కువకాలం నేను తోలింది అదే. ఆ రోజు రాళ్ల లారీ మీద వచ్చింది మాత్రం తుక్కు దుకాణంలో ఏళ్ల తరబడి వానకు తడిసిన అస్థిపంజరం. పక్కనున్న రాళ్ల పాలిషింగ్ యూనిట్ క్రేను దాన్ని గ్రానైటు దిమ్మను దించినట్టు దించింది. అడుగు రేకు తుప్పు తినేసింది. సీట్లు లేవు. టైర్లు చీలిపోయాయి. ఇంజను బిగుసుకుపోయింది. బానెట్ ఎత్తితే ఎలుకల గూడు.

మా బావమరిది చిట్టిబాబు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బావా, దీన్ని చూసి కుక్క కూడా కాలెత్తదు."

"నిన్నడిగానా?"

"అడగలా. కానీ క్లచ్చి ఎట్టా తొక్కుతావని నేనడుగుతున్నా."

అదీ అసలు సంగతి. నాకు ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. "ఏ యుద్ధంలో పోయింది సార్?" అని అడుగుతారు. బడి పిల్లలకు ఉపన్యాసం ఇమ్మని పిలిచి మరీ అడుగుతారు. ఏ యుద్ధంలోనూ పోలేదు. పత్తికట్టె కొట్టేసిన మా సొంత చేలో నడుస్తుంటే మోడు ఒకటి చెప్పును చీల్చుకుని పాదంలో దిగింది. షుగరు ఉంది, నొప్పి తెలియలేదు. ఇంటికొచ్చాక గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి మా ఆవిడ మరియమ్మ కేక పెట్టింది. చీము పట్టింది. గుంటూరులో తీసేశారు. శత్రువు మందుపాతరలు పెట్టిన దారుల్లో తిరిగి బతికినవాణ్ణి, నా పంట మోడుకు దొరికిపోయాను. ఈ మాట చెప్పగానే అడిగినవాడి ముఖం వాడిపోతుంది. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఏం, మీకు బాంబే కావాలా?

ఆ తర్వాత నన్ను ఎత్తడం మొదలైంది. ఆటోలోకి ఎత్తడం, చర్చి మెట్లు ఎక్కించడం, ట్రాక్టరు ట్రక్కులో కూలెయ్యడం. చిట్టిబాబు చంకల కింద ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి వేసి మిరపకాయల టిక్కీ బస్తాను ఎత్తినట్టు ఎత్తుతాడు. వాడిది మంచి మనసే. అదే ఇంకా మంట. పెట్టుడు కాలు ఇచ్చారు. నాలుగడుగులు వేస్తే మొండి దగ్గర పుండు పడుతుంది. పొలం మొత్తం మరియమ్మ మీద పడింది. పెరట్లో మంచం మీద కూర్చుని అరిచి అరిచి ఆమెకు ట్రాక్టరు నేర్పాను. దున్నేది ఆమె, మందు కొట్టించేది ఆమె, కాయ ఇంటికి తోలేది ఆమె. నేను కాకుల్ని తోలేవాణ్ణి.

అందుకే జోంగా. నాకు కావలసింది ఒక్కటే. నా అంతట నేను ఎక్కాలి. ఇంటి నుంచి మా మిరప చేను దాకా నేనే తోలుకెళ్లాలి. నా అంతట నేను దిగాలి. ఎవడి చెయ్యీ నా మీద పడకూడదు.

మెకానిక్‌ది చిలకలూరిపేట. పేరు మస్తాన్. ఆదివారాలు వచ్చేవాడు. మిగతా రోజులు ఫోనే మా వైర్‌లెస్.

"అన్నా, ఇంజను తిరిగిందా?"

"తిరగలా."

"ఏం పోశావు?"

"కిరసనాయిలు, డీజిలు కలిపి."

"నాననియ్. బలవంతం చెయ్యమాకు. రాడ్డు వంగిద్ది."

"నాకు నేర్పుతున్నావా?"

"నేర్పొద్దనుకుంటే ఫోను ఎందుకు చేశావన్నా?"

పెట్టేశాను. మర్నాడు మళ్లీ చేశాను.

చెక్కపలకకు నాలుగు బేరింగులు వేయించుకుని దాని మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరేవాణ్ణి. అక్కడ నాకు కాలుతో పనిలేదు. బోల్టు ఊడదీసేవాడికి కావలసింది చేతులే. తుప్పు కళ్లలో పడేది, పాత గ్రీజు మీసాల్లో పడేది. గడ్డలు కట్టిన మట్టి రాలేది. అది మా మట్టి కాదు, ఎర్రమట్టి, ఎక్కడిదో. ఏ గుట్టల్లో తిరిగిందో అనుకుంటూ గీకేవాణ్ణి. ఆ ఏడాది మొత్తంలో కోపం లేకుండా ఉన్నది ఆ బండి కింద ఉన్నప్పుడే.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆ ఏడు మిరపకు నల్ల తామరపురుగు పడింది. పూత పూతంతా రాలింది. సగం పైరు పీకేశాం. మిగిలిన సగం కోసేనాటికి నా మొండి మళ్లీ పుండైంది. పెట్టుడు కాలు తీసెయ్యమన్నారు, వరండాలోంచి కదలొద్దన్నారు. జోంగా పెరట్లో ఉంది. ఇంజను నానుతోంది. స్పార్కు ప్లగ్గులు ఊడదీసి ఉన్నాయి. ఆరు బొక్కలు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉన్నాయి. పైన నేనే కట్టించిన టార్పాలిన్ పట్టా ఉంది. పక్కనే కల్లంలో మిరపకాయ ఎండుతోంది.

మార్చి నెలలో వాన పడుతుందని ఎవడనుకుంటాడు? మధ్యాహ్నానికి తూర్పున నల్లబడింది. ఊళ్లో పట్టాల కోసం పరుగులు. మాకున్నవి రెండు. ఒకటి సగం కాయకే సరిపోయింది. మరియమ్మ రెండోదాని కోసం జోంగా వైపు నడిచింది.

"పట్టా ముట్టుకోమాకే!" అని అరిచాను.

"కాయ తడిస్తే రేపు తినేది నీ ఇంజనా?"

"ఇంజనులో నీళ్లు పడితే అంతా పోద్దే! ఇన్ని నెలల పని!"

"పోనీ."

పోనీ అంది! అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అరికాలు లేనివాడికి కూడా ఎక్కుతుంది. చేతిలో ఉన్న చంకకర్ర విసిరేశాను. అది గుమ్మం దాటి అవతల పడింది. అంతలో వాన దంచేసరికి పెరడే కనబడలేదు. కర్ర లేక బాత్రూముకు కూడా కదల్లేకపోయాను. వాన వెలిశాక చిట్టిబాబును పిలవాల్సి వచ్చింది. వాడు ఎత్తాడు. వాడి నవ్వు నా చెవి పక్కనే వినబడింది.

మరియమ్మతో మాట మానేశాను. అన్నం పెడితే తిన్నాను. నీళ్లు పెడితే తాగాను. మాట మాత్రం లేదు. చిత్రమేమిటంటే, పుండు మాని మళ్లీ పని మొదలుపెట్టాక సిలిండర్లలో నేను భయపడినన్ని నీళ్లు కనబడలేదు. ఇంజను అదృష్టమనుకున్నాను. ఓ ఆదివారం మస్తానూ నేనూ పెద్ద రెంచీకి గొట్టం తగిలించి మెల్లగా తోస్తే, కిర్రుమని ఇంజను కదిలింది. మస్తాన్ బండి బానెట్‌ను ముద్దుపెట్టుకున్నాడు. మూతికి గ్రీజు అంటింది.

ఆ తర్వాత పని ఊపందుకుంది. అడుగుకు కొత్త రేకు వెల్డింగు చేయించాం. బ్రేకులు కొత్తవి వేశాం. క్లచ్చికి మస్తాన్ ఉపాయం చేశాడు. గేరు రాడ్డుకే చేతి లివరు పెట్టాడు. ఎడమచేత్తో లాగితే క్లచ్చి పడుతుంది, వదిలితే పట్టుకుంటుంది. పాత పెడలు కూడా ఉండనిచ్చాడు. "అమ్మేటప్పుడు పనికొస్తదన్నా," అన్నాడు. స్పానరు చూపించాను. నోరు మూసుకున్నాడు. మిలిటరీ ఆకుపచ్చ రంగు నేనే బ్రష్షుతో వేశాను.

స్టార్టు చేస్తే ఐదు సిలిండర్లు కొట్టాయి. మూడోది చచ్చింది. బండి వణికిపోతోంది. ప్లగ్గు మార్చాం, వైరు మార్చాం. ప్లగ్గు బొక్క మీద వేలు పెట్టి ఇంజను తిప్పితే మిగతా ఐదింటికీ వేలు ఎగిరిపోతోంది. మూడోదానికి ఊపిరే లేదు.

"నువ్వే వాల్వు సరిగ్గా కూర్చోబెట్టలేదు," అన్నాను.

"నా చేతి పనికి వంక పెట్టమాకన్నా. పెడితే ఈ పూటే పోతా."

"పో!"

వాడు పోలేదు. ఇంజను హెడ్డు ఊడదీశాడు. వాల్వు కింద ఏదో నల్లగా నలిగి అతుక్కుని ఉంది. పట్టకారుతో లాగి అరచేతిలో పెట్టుకుని ఎండకు చూశాడు.

"అన్నా, మా నాయన దూదేకేవాడు. దీని మధ్యే పెరిగా. ఇది పత్తిగింజ. సిలిండర్లో పత్తి ఏశావా?"

నేను దిగ్గున లేచాను. అంటే, లేవబోయి కూలబడ్డాను. ఎవడు చేశాడీ పని? చిట్టిబాబుగాడే! ఒరేయ్ అని వీధి వినేలా అరిచాను. వంటింట్లోంచి మరియమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వాణ్ణి తిట్టమాకు. నేనే."

"నువ్వా?"

"ఆ రోజు వానప్పుడు. పట్టా తీసి కాయ మీద కప్పా. నీ బొక్కలు అట్టా వదిలేస్తే ఏడుస్తావని, గదిలో గింజపత్తి ఉంటే తెచ్చి ఆరింట్లోనూ కుక్కా. తెల్లారి లాగేశా. ఒక గింజ జారినట్టుంది."

"చెప్పొచ్చుగా!"

"నువ్వు మాట్లాడితే గదా, చెప్పటానికి."

మస్తాన్ నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నెలల తరబడి దాచుకున్న కోపాన్ని చేతిలోంచి లాగేసుకుంటే మనిషికి ఏమవుతుంది? ఇంకా కోపం వస్తుంది. ఆ రాత్రి మాత్రం, "కూరలో ఉప్పు తక్కువైంది," అన్నాను. "పైకి చెప్పావు, సంతోషం," అంది.

మరుసటి ఫిబ్రవరిలో బండి రోడ్డెక్కింది. చిట్టిబాబు చేతులు చాపుకుంటూ వచ్చాడు. "దూరం జరుగు," అన్నాను. చువ్వ పట్టుకున్నాను. పెట్టుడు కాలు ముందు లోపలికి విసిరి, ఒంటిని వెనకే లాక్కున్నాను. ఎక్కాను. పక్కన ఎవర్నీ ఎక్కించుకోలేదు. లివరు లాగి, గేరు వేసి, వదిలాను. జోంగా కదిలింది. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. హారను కొట్టాను, అవసరం లేకపోయినా.

చేను దగ్గర బాట మలుపు తిరగ్గానే వేపచెట్టు కింద కోత కూలీలు వరసగా కూర్చుని అన్నాలు తింటున్నారు. బ్రేకు తొక్కాను. ఇంజను గర్జించింది. ఇంకా గట్టిగా తొక్కాను. బండి ఎగిరి ముందుకు దూకింది. కిందికి చూశాను. నా కుడికాలి బూటు యాక్సిలరేటరు మీద ఉంది. బ్రేకు మీద ఉందని నా కాలు చెబుతోంది. కళ్లు కాదంటున్నాయి.

స్టీరింగు చేలోకి తిప్పేశాను. హ్యాండుబ్రేకు పీకాను. రెండు మిరప సాళ్లు తొక్కి, గట్టుకు గుద్దుకుని ఇంజను ఆగిపోయింది. ఆడవాళ్లు చెల్లాచెదురయ్యారు. ముందు చక్రం కింద ఒక అన్నం క్యారేజీ రేకులా అణిగిపోయింది.

"మిలిటరీ నాయనా, మమ్మల్ని చంపి పతకం తెచ్చుకుంటావా?" అని ఒక ముసలామె గుండె పట్టుకుని అరిచింది.

మరియమ్మ సాళ్లకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చింది. తిట్టలేదు. ఎవరికేమైనా అయిందేమో చూసింది. తర్వాత నా వైపు తలుపు దగ్గరికొచ్చి, నా కుడికాలి బూటు విప్పింది. మేజోడు లాగేసింది. పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు నాకు కనబడకుండా తన ఒళ్లు అడ్డం పెట్టింది.

"బొటనవేలు గిల్లుతున్నా. తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"నిజంగా?"

"తెలుస్తుందే! నొప్పి పుడుతుంది, వదులు!"

ఆమె తలెత్తి చూసింది.

"నేను గిల్లట్లేదు."

నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను, హిందీలో తెలిసినవి కూడా. కాలిని తిట్టాను, షుగరును తిట్టాను, ఆ పత్తి మోడును తిట్టాను. ఇన్ని నెలలు చెయ్యి కాల్చుకుని, వేళ్లు నలగ్గొట్టుకుని నేను బాగుచేసింది బండినొక్కదాన్నే. తోలేవాడు అప్పటికే పాడైపోయాడు. ఆ సంగతి నా ఒంటికి తెలుసు, నాకే చెప్పలేదు. ఆమె అంతా విన్నది. అయిపోయాక, "జరుగు," అంది. నన్ను ఎత్తలేదు. గేరు రాడ్డు దాటుకుని చేతుల మీద నేనే పక్క సీట్లోకి జరిగాను.

ఆమె ఎక్కి కూర్చుంది. చేతి లివరు వంక చూడను కూడా చూడలేదు. ఎడమకాలితో పాత పెడలు తొక్కింది. ఒక్కసారికే గేరు పడింది. టీకొట్టు దగ్గర ఎవడో, "మిలిటరీకి డ్రైవరు దొరికిందిరోయ్!" అన్నాడు. నేను వాడి అమ్మను తలుచుకున్నాను. ఆమె వినబడనట్టే తోలింది.

ఇప్పుడు ఆ బండి మరియమ్మదే. కోపం తగ్గిందా అని అడక్కండి. తగ్గలేదు. పొద్దున లేవగానే మొదట వచ్చేది అదే. కానీ కళ్లు మూసుకుంటే కనబడేది మాత్రం ఆ తిరుగు ప్రయాణమే. వాగు దగ్గర పల్లం వచ్చింది. చెప్పులు విప్పేసి తోలుతోంది. మడమలు పగిలి ఉన్నాయి, నల్లమట్టి వేళ్ల సందుల్లో ఎండిపోయి ఉంది. నేను బ్రేకు అని నోరు తెరిచేలోపే ఆ కుడిపాదం లేచి, పక్కకు జరిగి, పెడలును మెత్తగా నొక్కింది. ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.