పెదనాన్న కాలు కదపనివ్వలేదు

మొన్న నా మోకాలి ఆపరేషనైన మర్నాడే, కుట్లింకా పచ్చిగా ఉండగానే, నర్సు, ఇంకా చిన్నపిల్ల, వచ్చి నన్ను రెక్క పట్టుకుని లేపి నిలబెట్టింది. రక్తం గడ్డకట్టకుండా పొట్టమీద సూది, కాళ్లకు బిగుతు మేజోళ్లు, గంటకోసారి పాదాలు ఆడించమని గదమాయింపు. పళ్లు బిగబట్టి నాలుగడుగులు వేశాను గానీ, ఆ పిల్ల వెళ్లాక ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, యాభై ఏళ్లు దాటినా చల్లారని పాతకోపంతో.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నేను నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటుండగా, ఈపూరులో మా పెదనాన్న జొన్నచొప్ప వామి మీంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు నాటు కట్టు కట్టిద్దామంటే, కాదని పోట్లాడి ఎడ్లబండి మీద ఆసుపత్రికి రప్పించింది నేనే. మద్రాసులో చదివొచ్చిన డాక్టరుగారు కోసి ఎముక సరిచేశారు. రక్తం పలచబరిచే మందొకటుందని ఆయన చదివారే తప్ప, అది మా దాకా వచ్చే రోజులు కావవి. అందుకే నాకు పదేపదే చెప్పారు: పాదాలూ పిక్కలూ గంటగంటకూ ఆడించాలి, నీళ్లు బాగా తాగించాలి, లేకపోతే కాలిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనిషి దక్కడు.

ఆ మాట పెద్దమ్మ చెవికెక్కితేనా! ఎముక విరిగినవాడు నలభై రోజులు కదలకూడదన్నది మా వైపు తిరుగులేని మాట. నేనటు తిరగ్గానే రెండు కాళ్లూ కలిపి పాత పంచెతో కట్టేసేది, నేను విప్పేదాన్ని, "కట్టేసుంటేనే అతుక్కుద్ది, నీకేం దెలుసే" అంటూ మళ్లీ కట్టేది. నీళ్లూ అంతే. తాగితే బెడ్‌పాన్ అడగాలి, కూతురి వరస పిల్లచేత అది పెట్టించుకోవడం పెదనాన్నకు చచ్చే సిగ్గు. పెదవులెండి పొలుసులు లేస్తున్నా ఇద్దరూ దాహం లేదనే చెప్పేవారు. వేరే నర్సు చెబితే వినేవారేమో, నేను నిన్నమొన్న వాళ్లచేత ముక్కు తుడిపించుకున్నదాన్నాయె.

ఒకరోజు ఓపిక నశించి, కాలిలో రక్తం ఆడకపోతే మనిషి పోతాడు పెద్దమ్మా అని అరిచేశాను. ఆమె బెదిరిపోయింది. "అట్టాగా! ముందే చెప్పకపోయావేందే! నేను జూసుకుంటాలే పో" అంది. హమ్మయ్య, ఇన్నాళ్లకు తలకెక్కిందనుకుని అవతలి వార్డులో పనికి పోయాను.

తిరిగొచ్చేసరికి పెదనాన్న పిక్క వాచి బిగిసి ఉంది. పెద్దమ్మ ఆ వాపుకు ఆముదం రాసి, బలమంతా పెట్టి కిందనుంచి పైకి తోముతోంది. ఆయన్ను కదపకుండా రక్తం ఆడించే ఉపాయం ఆమెకదొక్కటే తోచింది. నేను ఆపమనేలోగానే ఆయన గుండె పట్టుకుని ఊపిరందక కొట్టుకున్నాడు. డాక్టరుగారు పరుగున వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. వాచిన పిక్కను తోమకూడదని, తోమితే లోపలి గడ్డ కదులుతుందని నాకు తెలుసు. కదపమని వందసార్లు చెప్పినదాన్ని, తోమొద్దని ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు చేయాల్సినవీ చేయకూడనివీ కాగితం మీద రాసి ఇంటివాళ్ల చేతికిస్తున్నారు, ఎందుకో కూడా చెబుతున్నారు. మేమా రోజుల్లో గదమాయించడమే తప్ప విడమరచి చెప్పేవాళ్లం కాదు. పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. నేను కనపడ్డప్పుడల్లా చెయ్యి పట్టుకుని, "ఇంకొంచెం ముందు చెప్పుంటే, రోజూ తోమి బతికించుకునేదాన్ని గదే" అనేది. ఆమె పోయేదాకా నేను ఊ కొడుతూనే ఉన్నాను.