బామ్మర్ది కారుకి అమ్మిరాజు కట్టిన షెడ్డు

కారు లేనోడు కారు షెడ్డు కట్టడం మీరెక్కడైనా చూసినారా? మా ఖమ్తరాయి గలీలో మేం చూసినాం. కట్టినోడు మా పక్కింటి అమ్మిరాజు. సొంతానికి వాడికున్నది ఒక సైకిలు. దానికి స్టాండు కూడా లేదు, గోడకి జారేసీవోడు.

వాడు వాడు అంటన్నానని తప్పు పట్టకండి. వరసకి మరిది అవుతాడు నాకు. పార్వతీపురం దగ్గర్నుంచి మా ఆయనా అతనూ ఒక్కసారే వచ్చినారు రాయ్‌పూర్, రైలు వేగన్లు బాగుచేసే కార్ఖానాలో పనికి. మా ఆయన రంగుల పని. అమ్మిరాజుది రివిట్ల పని. ఇనపరేకులకి కన్నం పెట్టి, ఎర్రగా కాల్చిన రివిటు దూర్చి, సుత్తితో బాదీడమే. పొద్దల్లా అదే బాదుడు. దాంతో చెవులు సగం పోయినాయి, దిమాగ్ ఏ మేరకి పోయిందో మాత్రం ఎవరూ చూడలేదు.

మనకి కుర్చీ కాలు ఊగితే ఏటి చేస్తాం? మేకు కొట్టుకుంటాం. వాడు రివిటు కొడతాడు. అలగ కొట్టిన కుర్చీ ఒకటి వాళ్ళింట్లో ఉన్నాది, జరపాలంటే మనిషి సాయం కావాలి. సుభద్ర, అంటే వాడి పెళ్ళాం, గరిటె పిడి ఊడిందంటే దానికీ రివిట్లే. ఆ గరిటెతో పులుసు కలిపితే జబ్బలు లాగీసేవి ఆ పిల్లకి. ఇక స్నానాల గదికి తలుపు తనే చేసినాడు. గడియ బయట పెట్టినాడు. లోపల గడియ లేదు.

"అదేటి మరిదీ, లోపల ఉన్నోళ్ళు ఎలగ ఏసుకుంటారు?" అన్నాను.

"వేగన్‌కి గడియ బయటే ఉంటాది వదినా," అన్నాడు. ఎంత ఠీవీగా అన్నాడో!

ఈ ముక్క గుర్తెట్టుకోండి.

ఇక సుభద్ర సంగతి. ఆ పిల్ల చేతి వడియాలు రాయ్‌పూర్లో తెలుగోళ్ళందరికీ తెలుసు. బియ్యప్పిండివి, సగ్గుబియ్యంవి, గుమ్మడికాయవి. అభన్‌పూర్ నుంచి బస్సెక్కి వచ్చి కొనుక్కెళ్ళినోళ్ళు ఉన్నారు. ఈ దేశం ఆడోళ్ళు కూడా వచ్చి "తెలుగూ వాలీ బడీ" ఉందా అని అడిగీవారు, తెలుగోళ్ళ వడియాలని. ఆ పిల్లకి ఊళ్ళో ఒక పేరంటూ ఉన్నాదంటే ఆ వడియాల వల్లే. అమ్మిరాజు పెళ్ళాం అని ఎవరూ అనరు, వడియాల సుభద్ర అంటారు. ఆ మాట అమ్మిరాజుకి కడుపులో ఎక్కడో గుచ్చుకునేదనుకోండి.

వడియాలకి కావలసింది ఎండ. మా గలీలో అన్నీ పెంకుటిళ్ళు, మీద ఆరేసే దారి లేదు. మా వాకిట్లో యాపచెట్టు నీడ. వీధిలో పెడదామంటే గేదెలు, దుమ్ము. అమ్మిరాజుది మూలమీద ఇల్లు. ఇంటి గోడకీ రోడ్డుకీ మధ్య పొడుగ్గా ఒక వాకిలి. వెడల్పంటారా, నులక మంచం వేసి ఇంకాస్త చోటు, అంతే. పొద్దున్నించి సందేళ దాకా ఎండ విరగ్గాసేది అక్కడ. చుట్టూ బేశరమ్ దడి. ఆ మొక్క ఈ దేశంలో ఎక్కడ చూసినా ఉంటాది, కొమ్మ విరిచి గుచ్చితే చాలు, దడి అయిపోతాది. మూల పక్క, చిన్న సందు వేపు, దడికి పెద్ద ఖాళీ ఉండేది. మేం ఆడోళ్ళం అటు నుంచే దూరి వెళ్ళి, సుభద్ర పిండి ఉడికిస్తంటే కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఇంతలో సుభద్ర తమ్ముడు వెంకటరత్నం సెకండ్‌హ్యాండు ఫియట్ కారు కొన్నాడు. భిలాయిలో ఉక్కు కార్ఖానాలో పని వాడికి. కొన్న వారం తిరక్కుండా అక్కకి చూపించడానికి వచ్చినాడు. కాఫీ తాగినాడు, మరి కూర్చోలేదు.

"భోంచేసి ఎళ్ళరా రత్నం," అన్నాది సుభద్ర.

"లేదక్కా, నాకు కారు అమ్మిన సేఠ్ గారింట్లో దిగుతాను. వాళ్ళకి కారు పెట్టుకునే చోటుంది. ఇక్కడ ఎండలో పెడితే రంగు పోతాది. బావకేటి, సైకిలుకి రంగు పోయినా పర్లేదు," అని నవ్వినాడు.

నవ్వులాటకే అన్నాడు. అమ్మిరాజు మాత్రం నవ్వలేదు. కారు సందు తిరిగే దాకా చూసి, గిరుక్కున నాకేసి తిరిగినాడు.

"వదినా, మళ్ళీ వచ్చినప్పుడు ఆడి కారు నా షెడ్డులోనే ఉంటాది. మిస్త్రీ లేడు, వెల్డరు లేడు, ఈ చేతులే," అని రెండు చేతులూ చూపించినాడు. ఒక బొటనవేలు అప్పటికే సుత్తి కింద పడి నల్లగా ఉన్నాది.

అలగ మొదలైనాది. ఎనభై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం ఇంకా ముదర్లేదు. ఆదివారం ఉర్లా వేపు ఎళ్ళీవోడు, ఫ్యాక్టరీల దగ్గర పాత ఇనుము అమ్మే కబాడీవోళ్ళ కాడ పైపులు, వంకరపోయిన రేకులు రిక్షాలో ఏసుకొచ్చీవోడు. రోడ్డు వేసీవోళ్ళు పారేసిన తారు డ్రమ్ములు తెచ్చినాడు. అవి నిలువునా చీల్చి, బాది బాది చదును చేసి, కంచెకి పలకలు చేసినాడు. డ్రమ్ములో అంటిన తారు అలాగే ఉన్నాది. గోకలేదు.

"తారు తియ్యవా?" అన్నాను.

"తుప్పు పట్టదు వదినా. పక్కా."

ముందు బేశరమ్ దడి పీకేసినాడు. సుభద్ర గుమ్మంలో నిలబడి చూసింది. తరవాత పైపులు పాతినాడు. పైపుల మీద రేకులు పరిచినాడు. వాకిలి ఈ చివర మా గోడ ఉన్నాది. ఆ చివర, మేం దూరీ ఖాళీ, అక్కడ తారు రేకులు నిలబెట్టి రివిట్లు కొట్టడం మొదలెట్టినాడు. రోడ్డు వేపూ అవే రేకులు, తారు మొహం బయటికి, నడిమధ్యన తలుపులకి మాత్రం చోటు వదిలినాడు.

అప్పుడు అడిగింది సుభద్ర. ఆ ఒక్క ప్రశ్నే.

"ఏటండీ, కారు ఎటు నుంచి వస్తాది?"

"ఎటు నుంచేటి? మధ్యలోంచి. వేగన్లో సరుకు ఎటు నుంచి ఎక్కుతాది? చివర్లు మూసుంటాయి, పక్కన మధ్యలో తలుపు. రైల్వే అంతా అలాగే నడుస్తన్నాది. నీకేటి తెలుసు?"

"వేగన్లో బస్తాలు ఎక్కిస్తారు కదా. బస్తా అయితే పక్కకి తిప్పి పెట్టొచ్చు..."

"నీ పిండి నువ్వు చూసుకో!"

చూసుకోడానికి పిండికి ఎండేదీ? వాకిలంతా రేకు కిందకి వచ్చీసింది. సరిగ్గా అప్పుడే తిల్దా నుంచి గురునాథం గారు, రైసుమిల్లు గుమస్తా, కూతురి పెళ్ళికి వడియాలు కావాలని కబురెట్టినారు. పెళ్ళంటే మాటలా. ఆ మిల్లుల్లో తెలుగోళ్ళందరూ ఆ పంక్తిలో కూర్చుంటారు. సుభద్ర ఒప్పుకున్నాది. షెడ్డు నీడలో మొదటి వాయి పెట్టింది. ఆరక, పుల్లబడి, ఆవుకి పోసింది. రెండో వాయి సందులో మంచాల మీద పెట్టింది. మధ్యాన్నం ఆంధీ గాలి వచ్చి ఎర్రదుమ్ము కొట్టీసింది. అప్పుడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాది.

"అప్పా, కబురు ఎనక్కి పంపిస్తాను. నా చేత కాదని చెప్పీస్తాను."

"నీ చేత కాదేటి? ఆ వెధవ షెడ్డు విప్పమను!"

"తమ్ముడి ముందర పరువంటన్నారప్పా. ఆరి పరువు షెడ్డులో ఉన్నాది. మరి నాది?" అని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తందో చెమటో నాకు తెలవలేదు.

ఇవతల అమ్మిరాజు బడాయి చూడాలి. దారిన పోయేవోళ్ళని ఆపి మరీ పైపులు పట్టుకుని ఊపమనీవోడు. "ఊపు, ఊపు, కదుల్తందా? ఏనుగు ఎక్కినా కదలదు." కూరల గంప తెచ్చే ముసిలమ్మ ఆగి, "కా బనావత్ హవ బాబూ?" అని అడిగింది, ఏటి కడతన్నావని.

"కార్ కే లియే," అన్నాడు ఛాతీ ముందుకెట్టి, కారుకని.

ముసిలమ్మ వాకిలంతా చూసింది, కారేదని రోడ్డు ఆ చివరా ఈ చివరా చూసింది. "కార్ కహాఁ హే బాబూ?"

ఇప్పుడు వచ్చీస్తాది, అప్పుడు వచ్చీస్తాదని చెప్పి పంపించినాడు.

వచ్చింది. రోహిణి కార్తె లోన. ఈ దేశం వాళ్ళు నౌతపా అంటారు, పిట్టలు కూడా ఎగరవు ఆ ఎండకి. అమ్మిరాజు ఉతికిన చొక్కా ఏసుకుని, తలుపులకి మావిడాకులు కట్టి, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కూడా పట్టుకుని నిలబడ్డాడు. గలీ అంతా అరుగుల మీద ఉన్నాది. మేమెవరమూ పనులు మానుకుని రాలేదు, పనులే లేవు ఆ వేళ.

రత్నం కారు రోడ్డు మీద తిప్పి, ముక్కు తలుపులో పెట్టినాడు. వెళ్ళింది. ఇంకా వెళ్ళింది. ఠంగుమని ఇంటిగోడకి తగిలి ఆగిపోయింది. వెనక సగం రోడ్డు మీదే ఉన్నాది.

"బావా, తోక బయటే ఉన్నాది."

"ఇంకాస్త పోనీ."

"ఇంకాస్త పోతే అక్క వంటింట్లోకి ఎళ్ళిపోతాం బావా!"

అరుగుల మీద ఒకటే నవ్వులు. వెనకాల ధాన్యం లారీవోడు హారన్ ఆపడు. అమ్మిరాజు మొహం ఆ తారు రేకులాగ అయిపోయింది. అయినా ఒప్పుకుంటాడేటి! "పక్కకి తిప్పాలి. తిప్పితే సరిగ్గా పడతాది. వేగన్లో అలాగే తిప్పుతాం," అని అరిచి, నలుగురు మగోళ్ళని పిలిచి కారు వెనక భాగం పట్టుకోమన్నాడు. రత్నం వద్దు వద్దంటన్నాడు. "ఏటి, బస్తా అనుకున్నావా బావా? కారు ఇది!" నలుగురూ ఎత్తినారు. ఎత్తి, కాస్త జరిపి, చెయ్యి కాలి వదిలీసినారు. కారు పక్కకి పోయి కంచెకి ఆనుకుంది.

ఆ ఎండకి తారు నెయ్యిలాగ కరిగి ఉన్నాది. మీగడరంగు ఫియట్. తలుపు నుంచి డిక్కీ దాకా నల్లటి పట్టె.

రంగు పోతాదనే కదా రత్నం ఎండలో పెట్టనన్నాడు. ఇప్పుడు కారుని చూసినాడు, బావని చూసినాడు. కారు బయటికి లాగి, కిరసనాయిలు గుడ్డ అడిగి, తుడిచినకొద్దీ అది ఇంకా పాకింది. ఆఖరికి, "అక్కా, మరి నేను సేఠ్ గారింటికి పోతాను," అన్నాడు. వెళ్ళిపోయినాడు. నిమ్మకాయలు అమ్మిరాజు చేతిలోనే ఉన్నాయి.

కాసేపాగి వాడు సుత్తీ ఉలీ తెచ్చినాడు. మూల వేపు రేకులు పీకడానికి. అటు తెరిస్తే కారు హాయిగా పొడుగ్గా దూరిపోతాది, ఆ సంగతి అప్పుడు తట్టింది మహానుభావుడికి. బేశరమ్ దడి ఉన్న రోజుల్లో అయితే ఏ పనీ చెయ్యకుండానే దూరీది! ఉలి పెట్టి బాదినాడు, బాదినాడు. ఒక్క రివిటు ఊడితే ఒట్టు. తను కొట్టినవి కదా.

అప్పుడు సుభద్ర బయటికొచ్చింది. కొంగు బిగించి ఉన్నాది.

"ఆ సుత్తి కింద పెట్టండి."

"పీకీస్తాను సుభద్రా, సాయంకాలానికల్లా..."

"వద్దు. ఏనుగు ఎక్కినా కదలదన్నారు కదా?"

"కదలదు."

"మీరు ఎక్కండి అయితే. రేపు తెల్లార్తోటే పిండి ఉడికించి ఇస్తాను. నా ఎండ మీద రేకు ఏసినారు, ఆ రేకు మీద నా వడియాలు మీరే పెట్టండి."

అమ్మిరాజు నాకేసి చూసినాడు, వదిన ఏదైనా అంటాదేమోనని. నేనెందుకంటాను? నిచ్చెన మాదే ఇచ్చినాను.

మర్నాడు గలీ అంతా చూస్తండగా ఎక్కినాడు. తడి చీర పరిచినాడు. సుభద్ర కింద నుంచి గిన్నెలు అందిస్తంటే గరిటెతో పెట్టుకుంటూ పోయినాడు. ఏ గరిటె అనుకున్నారు? రివిట్ల గరిటే. మొదట్లో ఒకటి అరిసంత, ఒకటి బఠాణీ అంత.

"సమంగా పెట్టండి! పెళ్ళివాళ్ళకి ఎళ్ళాలి!" అని కింద నుంచి అరుపు.

అడుగు నుంచి రేకు కాల్చింది, పై నుంచి నౌతపా. మధ్యాన్నానికే గలగలలాడిపోయినాయి. వాకిట్లో అయితే రెండు మూడు ఎండలు పట్టేవి. మూడో వాయి, నాలుగో వాయి... తిల్దా పెళ్ళికి డబ్బాలు డబ్బాలు వెళ్ళినాయి. ఆ పంక్తిలో తిన్నోళ్ళు ఎవరివమ్మా అని అడిగి మరీ కబుర్లు పంపించినారు. అప్పట్నుంచి ప్రతి ఎండాకాలం అమ్మిరాజు షెడ్డు మీదే కాపురం, తలకి తువ్వాలు చుట్టుకుని, పిట్టలు తోలుకుంటూ. రత్నం వచ్చినప్పుడు కారు రోడ్డు మీద ఎండలోనే. కంచె మొదట్లో బేశరమ్ మళ్ళీ చిగిర్చింది, తారు రేకుల సందుల్లోంచి బయటికొచ్చి పువ్వులు కూడా పూసింది.

ఇదంతా ఎందుకు చెప్తన్నానంటే, మొన్న అభన్‌పూర్ నుంచి ఎవరో కొత్తవాళ్ళు వడియాల కోసం వస్తే, అమ్మిరాజు షెడ్డు పై నుంచే వాళ్ళకి చెప్తన్నాడు. "ఇది కావాలనే ఇలగ కట్టినానండి. మా ఆవిడకి ఎండ చాలటం లేదని, రేకు అయితే తొందరగా ఎండుతాయని. అంతా మన చేతి పనే. ఊపి చూడండి."

వాళ్ళు పైపు పట్టుకుని ఊపినారు పాపం. నేను నోరు తెరిచీలోగా సుభద్ర వంటింట్లోంచి వచ్చి, ఇంకో గిన్నె పిండి పైకి అందించింది.

"మాటలాపి ఇది పెట్టండి. చల్లారిపోతన్నాది."