అభ్యంతరం చెప్పినవారు

మా తోడల్లుడు, అంటే నా భార్య అక్క భర్త, మా ఆఫీసులోనే సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. బస్సు టికెట్లు అమ్మే ప్రోగ్రాం ఎలా ఉండాలో బొమ్మ గీసేది ఆయన, ఆ గీతల వెంబడి కోడు రాసేది నేను. చదువులో ఆయనకంటే నాకే మార్కులెక్కువ. ఈ మాట చాలామందికి చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.

ఆయన చేరింది ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగంలో. మూడేళ్లు జనం చేత తిట్లు తిని, ప్రోగ్రాం ఎక్కడెక్కడ చతికిలబడుతుందో కంఠతా పట్టాడు. తర్వాత టెస్టింగు, ఆ తర్వాత కోడింగు, చివరికి గాజు తలుపున్న గది. ఇప్పటికీ నెలకో రోజు టికెట్ కౌంటరులో గుమాస్తా పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఆవిడ ఏ మీట ఎన్నిసార్లు నొక్కుతుందో చూసి వస్తాడు. నేనూ ఒకసారి వెళ్లాను. అరగంటకే నడుము పట్టేసింది.

పోనీ ఇంట్లోనైనా మనశ్శాంతి ఉందా? ఆయన ఆరింటికల్లా ఇల్లు చేరి కుట్టుమిషను ముందు కూర్చుంటాడు. ముందు పాత కాగితం మీద కత్తిరించి చూసుకుని, ఆ తర్వాతే గుడ్డ మీద కత్తెర పెడతాడు. మా అమ్మాయికి జేబులున్న గౌను కుట్టిచ్చాడు. మూడు రోజులపాటు పిల్ల దాన్ని విప్పితే ఒట్టు. బావకి ఇంత తీరిక ఎలా దొరుకుతుందో అని నా భార్య గోడతో చెప్పినట్టు చెబుతుంది. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆఫీసులో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రతి డిజైనుకూ ఒక పేజీ కాగితం. అడుగున 'అభ్యంతరం చెప్పినవారు, కారణం' అని ఒక గడి. అది ఖాళీగా ఉంటే ఆయన సంతకం పెట్టడు. ఆరేళ్ల కిందట పెద్ద ప్రోగ్రామును ఇరవై ముక్కలు చేద్దామన్నాడు. గదిలో అందరూ ఆహా ఓహో అంటుంటే నాకు కడుపు రగిలిపోయింది. ఒక ముక్క ఆగితే మిగతావన్నీ దానికోసం కాచుక్కూర్చుంటాయి అన్నాను. ఆలోచించి అన్నది కాదు. ఆయన మొహం కాస్త చిన్నబోతే చూడాలనిపించి, నోటికొచ్చిందేదో అనేశాను. ఆయన తాపీగా ఆ గడిలో నా పేరూ, నేనన్న మాటా రాసుకున్నాడు.

పోయిన నెల అచ్చం అలాగే జరిగింది. ఒక ముక్క ఆగిపోయి, ఉదయమంతా ఒక్క టికెట్టూ తెగలేదు. మీటింగులో ఆయన ఆ పాత కాగితం తీసి చదివాడు. తప్పు తనదేననీ, ముందే హెచ్చరించింది నేననీ, ఇక ఆర్కిటెక్టు పని నాకే ఇవ్వాలనీ, తాను కౌంటర్ల వాళ్ల దగ్గర పనికి వెళ్తాననీ చెప్పాడు. అందరూ నాకు చప్పట్లు కొట్టారు. పదిహేనేళ్లుగా కోరుకున్న కుర్చీ. ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తీయకుండానే సంచిలో పెట్టేశాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన కాగితం మీద గౌను చేతులు గీస్తున్నాడు.

"అన్నయ్యా, ఆ రోజు నేను తెలిసి అన్నది కాదు. మిమ్మల్ని చూసి ఓర్వలేక అన్నాను."

ఆయన తలెత్తలేదు. "తెలుసు తమ్ముడూ. నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది. కుళ్లుతో అంటున్నావు కదా అని, అన్న మాటని పట్టించుకోలేదు. నేను చేసిన తప్పు అదే."

తప్పును అంత తేలిగ్గా ఒప్పుకోగలిగినందుకు ఆయన మీద నాకు మళ్లీ కడుపు మండింది. కుర్చీ మాత్రం తీసుకున్నాను.