ఒక అడుగు ఆలస్యం

ఏసీ గాలిలో తంగేడు పూల వాసన తగిలితే నాకు ఇప్పటికీ అడుగు ముందుకు పడదు. హైటెక్ సిటీలోని మా ఆఫీసు లాబీలో ఏటా బతుకమ్మను పేరుస్తారు. స్పీకర్లో పాట పెడతారు. అమ్మాయిలు మెడలో ఐడీ కార్డులతోనే చుట్టూ తిరిగి ఆడతారు. నేను మాత్రం స్తంభం పక్కన నిలబడి పద్మక్కను తలుచుకుంటాను.

పద్మక్క గోపన్‌పల్లిలో మా ఇంటి ఓనరు. నేను కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి ఆమె మేడమీది గదిలో దిగాను. మొదటి బతుకమ్మకే చెయ్యి పట్టి ఆటలోకి లాగింది. "నాకు రాదండీ" అన్నాను. "రాకుంటే ఏంది? నేను పాడ్త, మీరంత అందుకోండ్రి. గంతే" అంది. ఆమె చరణం ఎత్తుకుంటే మేమంతా "ఉయ్యాలో" అని అందుకునేవాళ్లం. వంగి, చప్పట్లు కొట్టి, పక్కకు అడుగు వేయాలి. నాది ఎప్పుడూ ఒక అడుగు వెనకే. అక్క కోప్పడేది కాదు. నా అడుగు పడేదాకా పదాన్ని సాగదీసి పట్టుకునేది. "పాటకేం తొందర పిల్లా, నువ్వొచ్చినంకనే పోదాం" అనేది. ఊరుగాని ఊళ్లో నాకోసం ఆగిన మనిషి ఆమె ఒక్కతే.

మా ఆట వీడియో చూసి, లిస్బన్ నగరంలో జరిగే అంతర్జాతీయ పాటల పోటీకి రమ్మని పిలిచారు. అక్క సంబరం ఇంతా అంతా కాదు. పొలాలు అపార్ట్‌మెంట్లయి, పాడేవాళ్లు తలో దిక్కూ పోయాక, వాళ్లమ్మ నేర్పిన పాట నలుగురి చెవిన పడాలన్నదే ఆమె ఆశ. తీరా చూస్తే వీసాలు మా ఇద్దరికే వచ్చాయి. "అందరు లేంది నేనేం పాడాలె?" అని కూలబడింది. మిగతావాళ్లే తమ గొంతుల్లో "ఉయ్యాలో" రికార్డు చేయించి, "మేం గిండ్ల ఉన్నం గదక్కా, ఫికర్ చెయ్యకు" అని బలవంతంగా పంపారు. విమానంలో అక్క కన్ను మూయలేదు. దారంతా పెదవులతో పాడుకుంటూనే ఉంది.

స్టేజీ మీద కాగితం పూల బతుకమ్మ చుట్టూ మేమిద్దరమే. మొదటి చరణం బాగానే సాగింది. రెండోదానికి నా అడుగు వెనకబడింది. అక్క నావైపు చూసి, అలవాటు కొద్దీ పదాన్ని సాగదీసింది. రికార్డు ఆగుతుందా? "ఉయ్యాలో" అంటూ మీద పడింది. అక్క తడబడి మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ మీద పడింది. ఇక నోరు మూసుకుని నిలబడిపోయింది. మావాళ్ల గొంతులు మాత్రం, ఎవరూ పాడని పాటకు, చివరిదాకా బదులు పలుకుతూనే ఉన్నాయి. అయ్యో, భూమి విచ్చి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. అంత చేదు చప్పట్లు నేనెన్నడూ వినలేదు.

తెర వెనక మెట్లమీద కూర్చుని ఏడ్చాను. "నాకోసం ఎందుకాగావక్కా?"

"నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోతనే?" అంది. కొంగుతో నా కళ్లు తుడిచి, "ఇగ నేను పాడ" అంది.

పాడలేదు. ఎంత బతిమాలినా పాడలేదు. దవాఖానలో చివరి రోజుల్లో చెయ్యి పట్టుకుని అడిగినా తల అటు తిప్పుకుంది. చరణాలన్నీ ఆమెకే తెలుసు. నా దగ్గర మిగిలింది "ఉయ్యాలో" ఒక్కటే. దాంతో నేనేం చేసుకోను?

నిన్న లాబీలో కొత్తగా చేరిన అమ్మాయి నన్ను ఆటలోకి లాగింది. రానంటే వినలేదు. స్పీకర్లో పాట మొదలైంది. వంగాను, చప్పట్లు కొట్టాను. తలెత్తేసరికి పదం అయిపోయింది, వరస ముందుకు వెళ్లిపోయింది. నా అడుగు ఇంకా పడనే లేదు.