వీణని ఎండలో పెట్టిన మధ్యాహ్నం

రండి, ఇటు దగ్గరగా వచ్చి కూర్చోండి. ఆ గోడకి జారబడకండి, మొన్ననే సున్నం వేయించాం, వీపులు తెల్లబడిపోతాయి. వెనకాల నిలబడ్డవాళ్ళు చాప మీదకి వచ్చేయండి. ఇవాళ రాజుల కథా లేదు, నక్కల కథా లేదు. ఇరవై ఏడేళ్ళుగా మీకూ, మీలో కొందరి అమ్మానాన్నలకీ పాఠాలు చెప్పిన మనిషి, అరవై ఏళ్ళనాటి వీణని రెండున్నర గంటల్లో ఎలా పాడుచేశాడో చెప్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. కొన్ని చోట్ల మాత్రం నాకింకా నవ్వు రావడం లేదు.

ముందు నా ఫోను సంగతి చెప్పాలి. బడి హాజరు పంపడానికని కొన్న ఫోను అది. ఒకరోజు ఏడో తరగతికి చంద్రగ్రహణం చూపిద్దామని వీడియో వెతికాను. గ్రహణం మూడు నిమిషాల్లో విడిచిపోయింది. దాని వెనకాలే ఇంకోటి దానంతటదే మొదలైంది. ఎవరో ఒకాయన బురదలో నానిన తివాచీని కడుగుతున్నాడు. నలభై నిమిషాలు కడిగాడు. నలభై నిమిషాలూ చూశాను. నల్లనీళ్ళు పోయి, ఎర్రనీళ్ళు పోయి, ఆఖరికి తివాచీ మీద ఒక నెమలి బయటపడింది. ఆ నెమలేదో మా పెరట్లో దొరికినంత సంతోషపడ్డాను.

ఇంక అక్కడినుంచి మొదలు. ఆవు గిట్టలు చెక్కేవాడొకడు. సబ్బుబిళ్ళని సన్నగా తరిగే ఆవిడొకరు, చేతులే తప్ప మొహం కనపడదు. ఒక నత్త దోసకాయ ముక్క తింటుంది, ఆ నమిలే చప్పుడు వినడానికి లక్షలమంది. పది గంటలపాటు ఒకే రేకుల కప్పు మీద ఒకే వాన. ఒక ముసలాయన రోజుకో కొత్తరకం బిస్కెట్టు తిని పదికి ఇన్ని మార్కులని వేస్తాడు. మార్కులు వేయడంలో నాకంటే పిసినారి. ఇంకొకాయన రైలింజన్లో కూర్చుని పట్టాలు చూపిస్తాడు, పట్టాలు తప్ప ఏమీ ఉండదు. ఎవరు చూస్తారివి అని అనుకునేవాణ్ణి. తరవాత తెలిసింది, నేనే చూస్తాను.

వీటన్నిట్లో నాకు బాగా పట్టుకున్నవి పాతవాటిని కొత్తవి చేసే వీడియోలు. తుప్పుపట్టిన లాంతరు తెస్తాడు, మాటా పలుకూ లేకుండా గీకుతాడు, తోముతాడు, రంగేస్తాడు, చివర్లో వెలిగిస్తాడు. చూసి చూసి మా ఇంట్లో ఏ వస్తువు కనపడినా నాకు చేతులు దురదపెట్టేవి. కత్తిపీట తోమాను. పాత గొడుగు కర్రకి వార్నిష్ వేశాను. మా ఆవిడ సుభద్ర అన్నీ చూస్తూ ఊరుకుంది.

సుభద్ర గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. మీలో ముగ్గురు తన దగ్గర సరళీస్వరాలు నేర్చుకుంటున్నారు. కానీ ఒకటి మీకు తెలీదు. తనకి చిన్నప్పుడే జబ్బుచేసి గొంతు బొంగురుపోయింది. మాట్లాడుతుంది గానీ పాడలేదు. అందుకని వాళ్ళ నాన్నగారు తన ఎనిమిదో ఏటే ఆ వీణ ఒళ్ళో పెట్టేశారు. బొబ్బిలి వైపు చేయించిన వీణ, పనస మొద్దు మొత్తం ఒకటిగా తొలిచింది. మన వేణుగోపాలస్వామి కల్యాణం రోజు సాయంత్రం, ఊరేగింపుకి ముందు, ఆ వీణ మీద ఒక కీర్తన వాయించాలి. అది వాళ్ళింటి సేవ. తాతగారు వాయించారు, నాన్నగారు వాయించారు, ముప్పై ఏళ్ళుగా సుభద్ర వాయిస్తోంది. ఒక ఏడాది జ్వరంతో వణుకుతూ కూడా వాయించింది. వేరే వీణ మీద ఎన్నడూ లేదు.

ఈసారి కల్యాణానికి ఒక రోజు ముందు, చెల్లెల్ని తీసుకొస్తానని పొద్దున్న బస్సుకి గజపతినగరం వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ వీణ గుడ్డ తీసి, పైన దుమ్ము తుడిచి, సాయంత్రం వచ్చి శ్రుతి చేసుకుంటానంది. ఇంకేమీ చెప్పలేదు. నన్ను ముట్టుకోమని చెప్పలేదు.

తను వెళ్ళాక వీణని చూశాను. కుండ దగ్గర కర్ర వెలవెలబోయి ఉంది. సరిగ్గా అలాంటిదే ఒక వీడియో మొన్ననే చూసి ఉన్నాను. మంచుదేశంలో ఒకాయన, తాతగారి ఊయల కుర్చీ. నూనె పట్టించి రెండు గంటలు ఎండలో పెట్టాడు. నూనె కర్రలోకి ఇంకి కుర్చీ తేనెరంగులో మెరిసింది. సుభద్ర వచ్చేసరికి వీణ కూడా అలా మెరవాలి. తను గుమ్మంలో ఆగిపోయి చూడాలి. ఈ ఊహ నన్నెంత ముందుకు తోసిందంటే, కొబ్బరినూనె గిన్నెలో వంచేశాక గానీ ఆలోచన మొదలవలేదు.

నూనె పట్టించాను. పెరట్లో చాప వేసి, వీణని అరుగుకి ఏటవాలుగా ఆనించాను. పక్కింటి పైడమ్మ గోడకవతల ఒడియాలు పెట్టుకుంటోంది. తల పైకెత్తి చూసింది.

“ఏటి మాష్టారూ, వీణని ఎండేసినారు? అదేటి ఒడియాలా?”

నేను శాంతంగా వివరించాను. కర్రకి నూనె ఎందుకు కావాలి, ఎండ ఏం చేస్తుంది, అన్నీ. బడిలో ఎలా చెప్తానో అలాగే.

“ఏమోనండి. నాకు సదువు లేదు గానీ, ఈ ఎండకి నా సెప్పులే మెత్తబడిపోతన్నాయి,” అంది.

విన్నారా? నాలుగు అక్షరాలు రాని మనిషి సరైన జవాబు చెప్పింది. పంతులు వినలేదు.

రెండు గంటలే కదా అని లోపల ఫ్యాను కింద కూర్చుని, కుర్చీ వీడియో మరోసారి చూద్దామని ఫోను తీశాను. కుర్చీ అయ్యాక తుప్పుపట్టిన గొడ్డలి వచ్చింది. గొడ్డలి అయ్యాక గిట్టలు చెక్కేవాడు. ఆ రోజు ఆవు గిట్టలో మేకు దిగి ఉంది. అది బయటికొచ్చిందాకా నేను లేవలేకపోయాను. ఎక్కడో తెలీని దేశంలో ఎవరిదో ఆవు, దాని కాలు గురించి నేను బెంగపడుతున్నాను. నా పెరట్లో ఏమవుతోందో నాకు పట్టలేదు.

వీణ మెట్లు దేని మీద నిలబడతాయో మీలో నేర్చుకునేవాళ్ళకి తెలుసు. చెప్పు, గాయత్రీ. అవును, మైనం. మసి కలిపిన నల్లమైనం. ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు, ఒక్కోటీ చెవితో విని ఆ మైనంలో దిగేస్తారు. మంచుదేశం కుర్చీకి మైనం లేదు. అక్కడి ఎండకి మన వైశాఖం ఎండ సంగతి తెలీదు.

నేను బయటికి వచ్చేసరికి మైనం మొత్తం కిందకి జారి, మెట్లన్నీ బస్సు సడన్‌గా బ్రేకు వేస్తే మనుషులు పడ్డట్టు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పైడమ్మ గోడ దగ్గరే ఉంది. ఒడియాల చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది తిట్టుకంటే ఎక్కువ.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేనాగలేదు. మైనం ఇంకా మెత్తగానే ఉంది, సుభద్ర రావడానికి మూడు గంటల టైముంది. స్కేలు తెచ్చాను. బల్ల మీద గీతలు గీసే ఆ పెద్ద కర్ర స్కేలే. వీణ మెడ పొడుగు కొలిచి, ఇరవై నాలుగుతో భాగించి, శేషం రెండు వైపులా సర్దేసి, ఒక్కో మెట్టూ సమానమైన దూరంలో నిలబెట్టాను. కొలత ఎక్కడా తప్పలేదు. మధ్యలో ఒక మెట్టు ఇంతకుముందు కాస్త ఓరగా ఉండేదని గుర్తొచ్చి, దాన్ని కూడా నిటారుగా చేసి సంతోషించాను. ముప్పై ఏళ్ళు ఆ మెట్ల ఎదురుగా కూర్చుని కాఫీ తాగినవాణ్ణి. పైకి పోయేకొద్దీ అవి దగ్గరవుతాయని ఒక్కనాడూ గమనించలేదు.

మైనం గట్టిపడ్డాక తీగ మీటి చూశాను. మొదటి స్వరం వచ్చింది. రెండోది మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. మూడోది ఏ జంతువో తెలీలేదు.

సాయంత్రం బస్సుకి అక్కాచెల్లెళ్ళు వచ్చారు. ఆ మధ్యలో నేనేం అనుకున్నానో మీ దగ్గర దాచను. పిల్లి తోసేసిందని చెబుదామా అనుకున్నాను. మీరు హోంవర్కు మేక తినేసిందంటే నేను నమ్మినట్టు నటిస్తాను చూడండి, ఆ క్షణంలో మీరంతా నాకు బాగా అర్థమయ్యారు. తను గుమ్మంలోకి వచ్చేసరికి నా నోటంట వచ్చిన మాట, “ఇవాళ ఎండ బాగా ఎక్కువగా ఉంది.”

సుభద్ర వీణ వైపు చూసింది. చెప్పులు విప్పకుండానే వచ్చి పక్కన కూర్చుంది. మెట్ల మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరిపింది. నా వైపు తిరిగి అంది, “ఇది వీణ కాదండీ. నిచ్చెన.”

జరిగిందంతా చెప్పాను. ఆవు కాలులో మేకుతో సహా. తను వింది. విని, మైనం కరగడం ఏ తరగతి పాఠం అని అడిగింది. ఏడో తరగతి అన్నాను. ఎవరు చెప్తారంది. నేనే అన్నాను. వాళ్ళ చెల్లెలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. సుభద్ర నవ్వలేదు.

బొబ్బిలి మేస్త్రికి ఫోను చేశాను. కెమెరాలో చూపించమన్నాడు. చూపించాను. ఆయన ఏ దొంగ చేశాడీ పని అన్నాడు. నేనేనన్నాను. మైనం మొత్తం తీసి, కాచి, మళ్ళీ పోసి, ఒక్కో మెట్టూ విని విని దించాలన్నాడు. పదిహేను రోజులు పడుతుందన్నాడు. రేపు సాయంత్రానికి కావాలన్నాను. “రేపటికంటే నాను కాదు బాబూ, ఆ స్వామే దిగొచ్చి మెట్లెట్టుకోవాల,” అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంకో వీణ ఎక్కడైనా అడిగి తెస్తానన్నాను. తల అడ్డంగా తిప్పింది. అది వాళ్ళింటి పట్టు. ఈ ఏడాదికి సేవ లేదని పూజారిగారికి చెప్పొస్తానన్నాను. అప్పుడు తలెత్తింది.

“తీగలు ఉన్నాయి కదా. పక్క తీగలకి మెట్లతో పని లేదు, శ్రుతి వేస్తాను. సాహిత్యం మీరు పాడండి.”

నేను పాడడమా? నా గొంతు మీకు తెలుసు. ప్రార్థనలో నేను మొదలుపెడితే మీరు ఎందుకు గట్టిగా అందుకుంటారో నాకూ తెలుసు. అదే చెప్పాను. ముప్పై ఏళ్ళు విన్నారు కదా అంది. విన్నానన్నాను. “అయితే పాడండి,” అంది.

మర్నాడు గుళ్ళో మీలో చాలామంది ఉన్నారు. మిగతాది మీరు చూశారు. నేను చూసింది మాత్రం మీరు చూసి ఉండరు. మీరంతా నా మొహం చూస్తున్నారు. నేను తన చేతులు చూస్తున్నాను. కుడిచేతి చిటికెనవేలు శ్రుతి మీటుతోంది. ఎడమచెయ్యి మాత్రం, పని లేకపోయినా, మెడ మీద కీర్తన మొత్తం వాయిస్తోంది. నొక్కకుండా, చప్పుడు లేకుండా. నేను నిలబెట్టిన మెట్ల మీద కాదు. వాటి మధ్య ఖాళీల్లో, అవి ఉండవలసిన చోట. నేను చరణంలో రెండుసార్లు తప్పాను. ఆ వేళ్ళు ఆగి నా కోసం చూశాయి, మళ్ళీ కదిలాయి. అవి ఒక్కసారి కూడా తప్పలేదు.

పూజారిగారు మామూలు కంటే ముందే హారతి అందుకున్నారు. నేనాయన్ని తప్పుపట్టను. బయటికొస్తూ ఎలా ఉందే పాట అని పైడమ్మని అడిగాను. “బాగానే ఉన్నాది మాష్టారూ. బేగి అయిపోనాది,” అంది.

ఇంటికి నడిచి వస్తుంటే క్షమించమని సుభద్రని అడిగాను. మెట్లదేముంది, మేస్త్రి పెడతాడంది. కాస్త దూరం పోయాక మళ్ళీ అంది. మధ్యలో ఆ ఓర మెట్టు ఉండేది చూశారా, అది నాన్నగారు చివరి రోజుల్లో తన చేత్తో సర్దుకున్నది, చెయ్యి వణికి ఓరగా కుదిరింది, అలాగే ఉంచేశారు, నేనూ ఉంచేశాను అని. మేస్త్రి మంచి పనివాడు కాబట్టి దాన్ని నిటారుగా పెట్టేస్తాడట. ఎవరి తప్పూ కాదన్నట్టే చెప్పింది. నిజానికి మేస్త్రి కంటే ముందు నేనే స్కేలు పెట్టి నిటారు చేశాను. ఆవు కాలులో మేకు దాకా చెప్పినవాణ్ణి, ఆ ఒక్క సంగతి మాత్రం తనకి ఇప్పటికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. లేదు, అలా నేర్పకూడదు. నేనే చెప్తాను.

వీణ బొబ్బిలిలో ఉంది. ఇంకా తొమ్మిది రోజులు. ఫోను నేను బడి పనికి తప్ప తియ్యడం లేదు. ఆ ఆవు ఎలా ఉందో మాత్రం ఒక్కసారి చూశాను, బాగానే నడుస్తోంది.

లేవండింక, పొద్దుపోయింది. మీ అమ్మలు కంచాలు పెట్టి పిలుస్తుంటారు. వెళ్ళి వేడివేడిగా తినండి. నేనూ బేగి తినేయాలి. వీణ తిరిగొచ్చేదాకా చేతులు ఊరుకోవట, అందుకని సుభద్ర నన్ను శిష్యుడిగా చేర్చుకుంది. రోజూ భోజనమవగానే తను చేత్తో తాళం వేస్తుంది, నేను సరళీస్వరాలు పాడాలి. గాయత్రీ, నీకు రెండు వారాల్లో వచ్చేశాయి కదా? నేనింకా మొదటి వరుస దగ్గరే ఉన్నాను. నిన్న నన్ను నిలబెట్టి పాడించింది.